గల్ఫ్ గుమ్మం దాకా వచ్చిన తుఫాను

2021 సెప్టెంబరు 26 రాత్రి కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటిన గులాబ్ తుఫానును శ్రీకాకుళం జిల్లా వాళ్లు ఇంకా మరిచిపోయి ఉండరు. గాలి పరంగా అది పెద్ద తుఫానేమీ కాదు. తీరం దాటాక వాయుగుండంగా బలహీనపడి, తెలంగాణను, మరాఠ్వాడాను వానలతో తడిపి, గుజరాత్ దాకా వెళ్లింది. మామూలుగా అయితే అక్కడితో దాని కథ ముగియాలి. ముగియలేదు. అరేబియా సముద్రం మీదికి చేరి మళ్లీ బలం పుంజుకుంది. అక్టోబరు 1న దానికి రెండో పేరు పెట్టారు, షాహీన్ అని. ఉత్తర హిందూ మహాసముద్రపు తుఫాన్లకు వంతులవారీగా పేర్లు ఇచ్చే 13 దేశాల్లో ఖతార్ కూడా ఒకటి. షాహీన్ ఆ దేశం ఇచ్చిన పేరే. అక్టోబరు 3 రాత్రి ఆ తుఫాను ఒమన్ ఉత్తర తీరంలో సువైఖ్ దగ్గర నేలను తాకింది. ఆ తీరాన్ని ఒక తుఫాను నేరుగా తాకడం 1890 తర్వాత అదే మొదటిసారని నిపుణులు అన్నారు. ఏళ్ల తరబడి పడాల్సిన వాన గంటల్లో పడింది. పదిమందికి పైగా చనిపోయారు.

సువైఖ్ నుంచి దోహాకు గీత గీస్తే దాదాపు ఆరు వందల కిలోమీటర్లు. దోహాకు దక్షిణాన, అల్ వక్రా మున్సిపాలిటీలో ఉంది బిర్కత్ అల్ అవామిర్. చూడదగ్గ ఊరేమీ కాదు. గోడౌన్లు, కంటైనర్ యార్డులు, ట్రైలర్ల వరసలు, వర్క్‌షాపులు, వాటిలో పనిచేసే వాళ్లుండే క్యాంపులు. ఖతార్‌కు ఓడల మీద వచ్చే సరుకు దుకాణాలకు చేరేలోపు ఆగే చోట్లలో ఇదొకటి. ఆ సరుకును ఎత్తేవాళ్లలో, దించేవాళ్లలో, లెక్క రాసేవాళ్లలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్లు ఉన్నారు. కోనసీమ వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు కూడా ఉన్నారు. తుఫాను అంటే ఏమిటో పుట్టినప్పటి నుంచి చూసినవాళ్లు, ఎన్నడూ చూడనివాళ్లు అక్కడ ఒకే గదిలో పడుకుంటారు.

అక్కడికి తుఫాను వస్తుందా? పర్షియన్ గల్ఫ్ లోపల ఇప్పటిదాకా తుఫాను నమోదైన దాఖలా లేదు. ఇది మొదట చెప్పాల్సిన మాట. యూట్యూబులో ఎర్ర బాణాలు గీసి దుబాయ్ మునిగిపోతుందని చెప్పేవాళ్లు ఈ మాట చెప్పరు. గల్ఫ్ మూతి హోర్ముజ్ జలసంధి దగ్గర ఇరుకు, పక్కనే ఒమన్ కొండలు. చుట్టూ ఎడారి కాబట్టి గాలి పొడిగా ఉంటుంది. పొడిగాలి లోపలికి చొరబడితే తుఫాను గుండె ఆగిపోతుంది. పై ఎత్తుల్లో గాలి దిశ మారుతూ మేఘాల గోపురాన్ని పక్కకు వంచేస్తుంది. ఇన్ని అడ్డంకులు దాటి లోపలికి రావడం చాలా అరుదు.

అరుదు అంటే అసాధ్యం అని కాదని లెక్కకట్టి చూపినవాళ్లు నింగ్ లిన్, కెర్రీ ఇమాన్యుయేల్ అనే శాస్త్రవేత్తలు. చరిత్రలో లేకపోయినా భౌతికశాస్త్రం ఒప్పుకునే తుఫాన్లు ఎలా ఉంటాయో 'నేచర్ క్లైమేట్ చేంజ్' పత్రికలో వివరించారు. అమెరికాలోని టాంపా, ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్, గల్ఫ్‌లో దుబాయ్, ఈ మూడు చోట్లను తీసుకుని కంప్యూటర్‌లో వేల తుఫాన్లను పుట్టించి చూశారు. దుబాయ్ దగ్గర దాదాపు 4 మీటర్ల ఉప్పెన రావచ్చని తేలింది. ఏ ఏడాదైనా దానికి అవకాశం సుమారు పదివేలలో ఒక వంతు. అంతకంటే అరుదుగా 7 మీటర్లు దాటేవి కూడా వాళ్ల లెక్కల్లో కనిపించాయి. శతాబ్దం చివరికి ఈ అవకాశాలు పెరుగుతాయని చెప్పారు. పదివేలలో ఒకటి అంటే భయపడాల్సిన అంకె కాదు. ఒక దేశం తాగునీటి ప్లాంట్లు, విమానాశ్రయం, గ్యాస్ టెర్మినళ్లు అన్నీ సముద్రపు ఒడ్డునే కట్టుకున్నప్పుడు మాత్రం పక్కన పెట్టేసే అంకె కూడా కాదు.

ఆ లెక్క అలా ఎందుకు వచ్చిందో తెలిస్తే, భయంకరమైన తుఫాన్లు ఎలా తయారవుతాయో కూడా తెలుస్తుంది. తుఫానుకు తిండి సముద్రపు వేడి. పైపొర నీళ్లు 26.5 డిగ్రీలు దాటి, ఆ వేడి కొన్ని పదుల మీటర్ల లోతు దాకా ఉంటే అది పెరుగుతుంది. కానీ పెరిగే తుఫాను తన కింది సముద్రాన్ని కవ్వం పెట్టి చిలికినట్టు చిలుకుతుంది. అడుగున ఉన్న చల్లనీళ్లు పైకి వస్తాయి, తిండి తగ్గుతుంది. అంటే తుఫాను తనకు తానే బ్రేకు వేసుకుంటుందన్నమాట. ఆ బ్రేకు పడనిచోటే మహా తుఫాన్లు పుడతాయి. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మన గోదావరి తెచ్చి పోసే మంచినీళ్లు తేలికగా పైన పొరలా నిలుస్తాయి. ఆ పొర కింది చల్లనీళ్లను అంత సులువుగా పైకి రానివ్వదు. గల్ఫ్ సంగతి వేరు. దాని సగటు లోతు 35 మీటర్లు. ఖతార్, ఎమిరేట్స్ వైపు ఇంకా తక్కువ. ఆగస్టులో పైనీళ్లు 32 డిగ్రీలు దాటుతాయి, కలియదిప్పినా పైకి వచ్చేంత చల్లనీళ్లు ఆ వైపు అడుగున పెద్దగా లేవు. పొడిగాలి అనే కాపలా ఒక్కసారి తప్పుకుంటే ఈ సముద్రం తుఫానును ఆపదు.

లోతు తక్కువ కావడంలో రెండో ప్రమాదం కూడా ఉంది. గాలి తీరం వైపు తోసిన నీళ్లు లోతైన సముద్రంలో అడుగు నుంచి వెనక్కి మళ్లుతాయి. పలచని సముద్రంలో వాటికి దారి ఉండదు, నేల మీదికి ఎక్కుతాయి. మచిలీపట్నం తీరానికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1864 నవంబరు 1న ఆ ఊళ్లో, చుట్టుపక్కల ముప్ఫై వేల మంది ఉప్పెనలో పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో దాదాపు అయిదు మీటర్ల ఎత్తున నీళ్లు లేచి, పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చాయి. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది పేర్లు ఇప్పటికీ ఉప్పెనతో కలిపే వినిపిస్తాయి. అధికారిక లెక్కే పదివేల దాకా ఉంది. ఊళ్లలో చెప్పుకునే లెక్క ఇంకా పెద్దది.

అయినా మనం తుఫాను బలాన్ని గాలితోనే కొలుస్తాం. అమెరికా వాళ్ల సాఫిర్-సింప్సన్ కొలమానంలో అయిదు వర్గాలు. గంటకు 252 కిలోమీటర్లు దాటితే అయిదోది. మన వాతావరణ శాఖ అయితే 221 కిలోమీటర్లు దాటినదాన్ని సూపర్ సైక్లోన్ అంటుంది. వాళ్లు ఒక నిమిషం సగటు తీస్తారు, మనం మూడు నిమిషాల సగటు, కాబట్టి రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. 309 కిలోమీటర్ల పైన ఆరో వర్గం పెడితే ఎలా ఉంటుందని 2024లో ఇద్దరు శాస్త్రవేత్తలు చర్చకు పెట్టారు. శాస్త్రం కోసం ఆ చర్చ మంచిదే. జనం కోసం మాత్రం పనికొచ్చేది కాదని నా అభిప్రాయం. అయిదోది వచ్చినప్పుడు కదలనివాడు ఆరోది అంటే కదులుతాడా? మన రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లూ అంతే. అవి ఓడల కోసం పుట్టినవి. ఎనిమిదో నంబరైనా, పదో నంబరైనా, తన గుడిసెలోకి ఎన్ని అడుగుల నీళ్లు వస్తాయో రేవు నుంచి వచ్చే అంకె ఎవరికీ చెప్పదు.

అమెరికాలో తుఫాన్లు నేరుగా మింగిన ప్రాణాల్ని యాభై ఏళ్ల పాటు లెక్కవేసి చూస్తే, పదింట తొమ్మిది నీళ్ల వల్లే పోయాయి. సగం ఉప్పెన, మిగిలినదాంట్లో ఎక్కువ వాన వరద. ప్యూర్టోరికోలో 2017 మరియా తుఫాను తర్వాత ప్రభుత్వం మొదట 64 మంది అంది. కరెంటు లేక, మందులు అందక, డయాలసిస్ ఆగి నెలల తరబడి పోయినవాళ్లను కలిపితే దాదాపు 2,975 మంది అని తర్వాత ఒప్పుకుంది. ఈ ప్రాణాలు వేటినీ గాలి అంకె ముందుగా పట్టుకోలేదు.

గాలిని తేలిగ్గా తీసుకోమని దీని అర్థం కాదు, ముఖ్యంగా బిర్కత్ అల్ అవామిర్ లాంటి చోట. నలభై అడుగుల ఖాళీ కంటైనర్ బరువు నాలుగు టన్నులకు కొంచెం తక్కువ. దాని పక్క గోడ ముప్ఫై చదరపు మీటర్లు దాటుతుంది. గంటకు వంద కిలోమీటర్ల గాలి ఆ గోడను దాదాపు రెండు టన్నుల బలంతో తోస్తుంది. గాలి రెండింతలైతే తోపు రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. అంటే రెండు వందల కిలోమీటర్ల గాలికి ఎనిమిది టన్నులు, పెట్టె బరువుకు రెట్టింపు. ఒకదాని మీద ఒకటి పేర్చిన వరసలో పైపెట్టె సంగతి ఇక చెప్పనక్కర్లేదు. పక్కనే పోర్టా క్యాబిన్లు ఉంటే అవి పెట్టెలకంటే ముందే లేస్తాయి. గోడౌను కప్పు రేకు ఒక్కటి ఒక మూల ఊడితే గాలి లోపలికి జొరబడి మిగతా కప్పును కిందినుంచి ఎత్తేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌లో విశాఖ విమానాశ్రయం కప్పు ఏమైందో చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

ఖతార్‌కు నిజంగా దగ్గరలో ఉన్న ముప్పు మాత్రం వాన. తుఫాను లోపలికి రానక్కర్లేదు, దాని అంచో, మరో వాతావరణ వ్యవస్థో చాలు. ఈ దేశంలో ఏడాదికి పడే వాన 75 మిల్లీమీటర్లకు అటూఇటూ. 2018 అక్టోబరు 20న దోహాలో ఏడాది వాన ఒక్క రోజులో పడింది, రోడ్ల కింది దారులు మునిగాయి. 2024 ఏప్రిల్ 16న ఎమిరేట్స్‌లో అల్ ఐన్ దగ్గర ఒక కేంద్రంలో 24 గంటల్లోపే 254 మిల్లీమీటర్లు పడింది. దుబాయ్ విమానాశ్రయం రన్‌వేల మీద నీళ్లు నిలిచాయి. అది తుఫాను కాదు. ఖతార్ నేల చదునుగా ఉంటుంది, అత్యంత ఎత్తైన చోటు కూడా సుమారు వంద మీటర్లే. నీళ్లను సముద్రానికి మోసుకుపోయే నదులు, వాగులు లేవు. పడ్డ వాన పల్లాల్లో చేరి, ఇంకే దాకా అక్కడే ఉంటుంది. సముద్రానికి కొంచెం లోపలగా ఉన్న బిర్కత్ అల్ అవామిర్‌కు ఉప్పెన కంటే ఈ నిలవ నీళ్లే ముందు వచ్చే కష్టం.

నీళ్లు ఎక్కువైనప్పుడు తాగే నీళ్లు కరువవడం ఇంకో కష్టం. 2007 జూన్‌లో గోను తుఫాను అరేబియా సముద్రంలో సూపర్ సైక్లోన్ స్థాయికి పెరిగి ఒమన్ తూర్పు కొస మీదుగా వెళ్లింది. ఆ దేశంలో దాదాపు యాభై మంది చనిపోయారు. మస్కట్‌కు నీళ్లిచ్చే ఉప్పునీటి శుద్ధి ప్లాంట్లు ఆగిపోయి, రాజధాని కొన్ని రోజులు ట్యాంకర్ల కోసం ఎదురుచూసింది. ఖతార్ ఊళ్లకు వచ్చే నీళ్లూ దాదాపు అన్నీ సముద్రం నుంచి తీసినవే. వాటిలో కొన్ని ప్లాంట్లు అల్ వక్రా దారిలోనే, రాస్ అబూ ఫుంతాస్ దగ్గర ఒడ్డున ఉన్నాయి. ఈ సంగతి ఖతార్‌కు తెలియనిది కాదు. దేశానికి ఏడు రోజుల నీళ్లు నిలవ ఉంచే లక్ష్యంతో అక్కడ నీటి సరఫరా చూసే కహ్రమా సంస్థ భారీ రిజర్వాయర్లు కట్టింది, 2018లో వాటిని ప్రారంభించారు. కట్టింది తుఫాను కోసం కాదు, తుఫానుకూ పనికొస్తాయి. మంచి సన్నద్ధత చాలాసార్లు ఇలాగే ఉంటుంది. అయితే రిజర్వాయర్‌లో నీళ్లుండటం వేరు, క్యాంపు ట్యాంకులో ఉండటం వేరు. మధ్యలో ఒక ట్యాంకరు, దానికొక డ్రైవరు, మునగని రోడ్డు కావాలి.

మన తీరం ఈ విషయంలో ప్రపంచానికి చెప్పగలిగిన పాఠం ఒకటుంది. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తాకిన తుఫాను బలంలో 1977 నాటి దానికి తీసిపోలేదు. చనిపోయినవాళ్లు 967 మంది. అది చిన్న అంకె కాదు, అయినా పదింట ఒక వంతు. గాలి మెత్తబడిందా? లేదు. ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే కదిలించారు. ఒడిశాలో 1999 సూపర్ సైక్లోన్ దాదాపు పదివేల మందిని తీసుకుపోయింది. 2013లో పైలిన్ వచ్చేసరికి అక్కడ విపత్తు నిర్వహణ సంస్థ ఉంది, షెల్టర్లు ఉన్నాయి. సుమారు పది లక్షల మంది కదిలారు, చనిపోయింది పదుల్లోనే. రెండు రాష్ట్రాల్లోనూ జనాన్ని బతికించింది తుఫానుకు ముందు రోజు మధ్యాహ్నం తలుపు తట్టిన మనిషి. తహసీల్దారో, వీఆర్‌వోనో, ఊరి కుర్రాడో.

1996 నవంబరు 6న కోనసీమలో ఆ తలుపు తట్టడం అందనివాళ్లు ఉన్నారు. అది చిన్న తుఫానే, వైశాల్యంలో. కొబ్బరితోటల్ని పడగొట్టి, భైరవపాలెం, బలుసుతిప్ప వైపు విరుచుకుపడింది. పోయిన వెయ్యి మందికి పైగా జనంలో సముద్రంలో ఉన్న జాలర్లు చాలామంది. హెచ్చరిక ఒడ్డుకు వచ్చింది, పడవకు రాలేదు.

ఇప్పటి మహా తుఫాన్లలో కొత్త కష్టం వేగం. 2023 అక్టోబరులో మెక్సికోలోని అకపుల్కోను కొట్టిన ఓటిస్ ఒక్క రోజులో మామూలు తుఫాను నుంచి అయిదో వర్గానికి పెరిగింది. ముందు రోజు పొద్దున ఆ ఊరికి ఆ స్థాయి ముప్పు గురించి చెప్పినవాళ్లు లేరు. అరేబియా సముద్రంలో తుఫాన్ల సంఖ్య రెండు దశాబ్దాల్లో 52 శాతం పెరిగిందని పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) శాస్త్రవేత్తలు 2021లో లెక్క చెప్పారు. సముద్రం వేడెక్కేకొద్దీ ఓటిస్‌లా హఠాత్తుగా బలపడటం కూడా ఎక్కువవుతుంది. కాబట్టి అంకె ఖరారయ్యేదాకా ఆగి కదులుదాం అనే పద్ధతి ఇక చెల్లదు.

2025 అక్టోబరు 28 ఒక్క రోజు చాలు ఇది చూడటానికి. ఆ రోజు జమైకాను మెలిస్సా సుమారు 295 కిలోమీటర్ల గాలితో తాకింది. ఆ రాత్రే నరసాపురం దగ్గర మొంథా తీరం దాటింది, గాలి గంటకు వంద కిలోమీటర్ల చుట్టుపక్కల. సగటు తీసే పద్ధతుల తేడాను పక్కన పెట్టి గాలి తోపు లెక్కన స్థూలంగా చూస్తే మెలిస్సా ఎనిమిది తొమ్మిది రెట్లు పెద్దది. కానీ మొంథా రాకముందు మన తీరంలో గర్భిణుల్ని ఆసుపత్రులకు చేర్చారు, పునరావాస కేంద్రాలు తెరిచారు. తుఫాను చిన్నదిగా తేలాక "ఇంత హడావుడి దేనికి" అన్నవాళ్లు ఉన్నారు. అనడం సులువు. వచ్చేదాకా దాని సైజు తెలియనప్పుడు హడావుడి ఖర్చు తప్పదు. నాలుగుసార్లు ఊరికే షెల్టరుకు వెళ్లినవాణ్ణి అయిదోసారి కూడా వెళ్లేలా చేయడం, నా దృష్టిలో వాతావరణ అంచనా కంటే కష్టమైన పని. షెల్టరులో మరుగుదొడ్డి, పాలు, గొడ్డుకు చోటు ఉంటే ఆ పని సగం తేలికవుతుంది.

అలాంటి రాత్రుల్లో కోనసీమ ఇళ్లలో తీసుకునే నిర్ణయాలు కొన్ని గల్ఫ్ క్యాంపుల్లో జరుగుతాయి. ఇంటికి డబ్బు పంపేవాడు ఫోన్‌లో ఉంటాడు. "డాబా మీద ఉండండి, ఎక్కడికీ పోవద్దు" అంటాడు, లేదా "అమ్మను బడికి తీసుకెళ్లు, గేదెను విప్పేయ్" అంటాడు. తను పంపిన డబ్బుతో కట్టిన స్లాబు ఇంట్లో ఆ రాత్రి వీధి వీధంతా తలదాచుకుంటుంది. అక్కడి ఊరికి ఇంత తెలివిగా దారి చెప్పే మనిషి తను పడుకున్న క్యాంపులో మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోలేడు. గోడౌను ఎప్పుడు మూయాలో, ట్రైలరు రోడ్డెక్కాలో వద్దో, క్యాంపు ఖాళీ చేయాలో వేరేవాళ్లు చెప్పాలి. 1996లో పడవలో ఉన్న జాలరి పరిస్థితి, ఒడ్డు నుంచి పిలుపు కోసం చూడటం, ఇతనిదీ అదే.

ఖతార్‌లో దీనికి దారి ఇప్పటికే సగం పడి ఉంది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పని నిషేధం. 2021లో తెచ్చిన ఆ ఉత్తర్వులో ఇంకో అంకె ఉంది. వేడిని, తేమను కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ గంటలోనైనా పని ఆపాలి. అంటే వాతావరణం పని ఆపగలదని, ఆ అంకెను కంపెనీ కాక చట్టం నిర్ణయిస్తుందని ఒప్పుకున్నట్టే. వేడికి చేసినదాన్ని గాలికి, వానకు చేయడానికి పెద్ద సాహసం అక్కర్లేదు. గాలి ఇంత దాటితే క్రేన్ దిగాలి, కంటైనర్ల వరస ఇంత ఎత్తుకు మించకూడదు, రోడ్డు మీద ఇంత నీళ్లుంటే క్యాంపు బస్సు కదలకూడదు. ఈ అంకెలు గేటు దగ్గర బోర్డు మీద తెలుగు, హిందీ, బెంగాలీ, నేపాలీల్లో ఉండాలి. ఖతార్ వాతావరణ శాఖ హెచ్చరికలు ప్రధానంగా అరబిక్, ఇంగ్లీషుల్లో వస్తాయి. వాటిని గదిలో వాట్సాప్ గ్రూపులోకి తిప్పి రాసేది ఎవరో ముందే తేల్చుకోవాలి, లేకపోతే ఆ పని పుకార్లు చేస్తాయి.

క్యాంపు మనుషులు తమంతట తాము చేసుకోగలిగేవీ ఉన్నాయి. పాస్‌పోర్టు, ఐడీ కార్డు కాపీలు ఫోన్‌లోనూ, ప్లాస్టిక్ కవరులోనూ. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన మూడు రోజుల నీళ్లు. బీపీ, షుగరు మాత్రలు. నింపి ఉంచిన పవర్ బ్యాంకు. రేకుల గదిలోంచి వెళ్లి ఉండటానికి దగ్గరలోని కాంక్రీటు కట్టడం ఏదో, దాని తాళం ఎవరి దగ్గరుందో. తుఫాను కన్ను నెత్తి మీదికి వస్తే గాలి ఒక్కసారిగా ఆగుతుందని, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుందని ఆ గదిలో తీరపు మనిషికి తెలిసి ఉంటుంది. జగిత్యాల నుంచి వచ్చినవాడికి అది ఎవరో ఒకరు చెప్పాలి.

ఇక కంపెనీలను అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలింది. శుక్రవారం రాత్రి రెండింటికి హెచ్చరిక వచ్చింది, మేనేజర్ ఫోను ఎత్తడం లేదు, నైట్ షిఫ్టులో నలభై మంది ఉన్నారు, బయట ట్రైలర్లు లోడుతో నిలబడి ఉన్నాయి. పని ఆపమని చెప్పి, మర్నాడు జీతం కోత పడకుండా ఉండే అధికారం ఆ యార్డులో ఎవరికి ఉంది, ఆ మనిషి పేరు ఎక్కడ రాసి ఉంది?